అక్వేరియంలో అసలు మొక్కలా, ప్లాస్టిక్ మొక్కలా? విశాఖ ఇంటికి తగ్గట్టు తేల్చుకోవడం ఎలా

అక్వేరియంలో ఏ మొక్కలు పెట్టాలో షాపులో నిలబడి తేల్చుకోకండి, ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి. మీ తొట్టిలో ఏ చేపలున్నాయి, మీ ఇంటికి ఏ నీళ్లు వస్తాయి, మే నెల మధ్యాహ్నం ఆ నీళ్లు ఎంత వేడెక్కుతాయి? ముందు ఈ మూడూ చూసుకోవాలి. చూసుకోకుండా కొంటే అసలు మొక్కలు నెల తిరక్కుండా కుళ్లి నీళ్లు పాడుచేస్తాయి. ప్లాస్టిక్‌వైతే చేపల రెక్కలు చీలుస్తాయి. రెండు రకాలకూ చోటుంది, రెండూ కలిపి పెట్టుకోవడమూ మంచి పద్ధతే.

ఇక్కడ చెప్పే లెక్కలన్నీ మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే రెండడుగుల తొట్టికి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తున్న తొట్టిని నిండా నింపితే 70 లీటర్లు పడతాయి. అడుగున రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే 55 నుంచి 60 లీటర్ల నీళ్లుంటాయి. మీది పెద్దదైనా చిన్నదైనా ఆ నిష్పత్తిలో మార్చుకోండి.

మొదటి అడుగు: చేపల్ని బట్టి

గోల్డ్‌ఫిష్ ఉంటే మెత్తని ఆకుల మొక్కలన్నీ దానికి మేతే. హార్న్‌వర్ట్, కబోంబా లాంటివి సాయంత్రం వేస్తే మర్నాటికి కాడలు మిగులుతాయి. పైగా అది రాళ్లను నోటితో తవ్వుతుంది కాబట్టి వేళ్లూనుకునే మొక్క నిలబడదు. గోల్డ్‌ఫిష్‌తో అసలు మొక్కలు కావాలంటే దళసరి ఆకుల అనూబియాస్, జావా ఫెర్న్ రెండే నమ్మకమైనవి. అవి కూడా రాళ్లలో నాటకుండా ఒక బండరాయికో చెక్కకో కట్టి పెట్టాలి.

ఫ్లవర్‌హార్న్, ఆస్కార్ పెంచేవాళ్లు తొట్టి లోపల మొక్కల ఆలోచన మానుకోవడం మేలు. అసలు మొక్కను పీకేస్తాయి. ప్లాస్టిక్ మొక్కను కూడా పీకి, కొరికి, ముక్కలు మింగే ప్రమాదం ఉంది. పెద్ద నున్నటి రాళ్లు పెట్టి వదిలేయండి. పచ్చదనం కావాలంటే మనీ ప్లాంట్ దారి ఒకటుంది, చివర్లో చెప్తాం.

గప్పీ, మోలీ, ప్లాటీ ఉన్న తొట్టికి మాత్రం అసలు మొక్కలే పెట్టండి. ఈ చేపలు నేరుగా పిల్లల్ని పెడతాయి, పెట్టిన పిల్లల్ని అవే తింటాయి. గుప్పెడు జావా మాస్, అంటే నాచులా గుబురుగా పెరిగే మెత్తటి మొక్క, ఉంటే పిల్లలు అందులో దూరి బతుకుతాయి. వాటికి తినడానికి దొరికే సూక్ష్మజీవులు కూడా ఆ మాస్ సందుల్లోనే పెరుగుతాయి. ఇది ప్లాస్టిక్ గడ్డితో సగమే కుదురుతుంది, దాక్కోవడానికి చోటిస్తుంది గానీ తిండి పెట్టదు. టెట్రాలు, రస్బోరాలు, ఏంజెల్ చేపలు కూడా అసలు మొక్కలతో చక్కగా ఇమిడిపోతాయి.

బెట్టా, అంటే మనవాళ్లు ఫైటర్ అనేది, పొడవైన పల్చటి రెక్కల చేప. దానికి గట్టి ప్లాస్టిక్ మొక్క పనికిరాదు. పెడితే అసలు మొక్క, లేదంటే గుడ్డతో చేసిన మొక్క. పైకి దగ్గరగా ఒక వెడల్పాటి అనూబియాస్ ఆకు ఉండేలా చూడండి, అది దాని మీద వాలి పడుకుంటుంది.

రెండో అడుగు: నీళ్లు

విశాఖలో ఒకే వీధిలో రెండిళ్లకు రెండు రకాల నీళ్లు వస్తాయి. ఒకరికి జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి, పక్క అపార్ట్‌మెంట్‌కు బోరు, ఎండాకాలంలో ఇద్దరికీ ట్యాంకరు. రైవాడ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి లాంటి జలాశయాల నుంచి వచ్చే కుళాయి నీళ్లలో బోరు నీళ్ల కంటే లవణాలు సాధారణంగా తక్కువ. దాంట్లో ఉండే ఇబ్బంది క్లోరిన్. సముద్రానికి దగ్గరి కాలనీల్లో బోర్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. బకెట్ అంచుకు తెల్లపొర కట్టడం, సబ్బు నురగ రాకపోవడం దానికి గుర్తులు.

నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కోండి, పెన్ను సైజులో ఉంటుంది. తొట్టిలో ఏ నీళ్లు పోస్తారో ఆ నీళ్లలోనే ముంచి చూడండి. 300 లోపు చూపిస్తే దాదాపు ఏ మొక్కయినా ప్రయత్నించవచ్చు. 300 నుంచి 700 మధ్య ఉంటే వాలిస్‌నేరియా, హార్న్‌వర్ట్, అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్ లాంటి మొండి మొక్కలకే పరిమితం కండి. వీటిలో వాలిస్‌నేరియాకు కాల్షియం ఎక్కువున్న నీళ్లంటే ఇష్టం కూడా. వెయ్యి దాటి, నాలుకకు ఉప్పు తెలుస్తుంటే ప్లాస్టిక్ మొక్కలే సుఖం. లేదంటే నీళ్లు మార్చుకోవాలి.

నీళ్లు మార్చుకోవడమంటే ఆర్వో నీళ్లు సగం, బోరు నీళ్లు సగం కలపడం. మొత్తం ఆర్వో నీళ్లే పోస్తే కాల్షియం, మెగ్నీషియం లేక మొక్కలు పాలిపోతాయి, నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ కూడా నిలకడగా ఉండదు. ఇంకో మాట. ఆర్వో యంత్రం పక్క గొట్టంలోంచి వదిలేసే నీళ్లు చాలా ఇళ్లలో బకెట్‌లో పట్టి వాడుకుంటారు. అవి తొట్టిలో పోయకూడదు. వడకట్టగా మిగిలిన లవణాలన్నీ అందులోనే ఉంటాయి.

కుళాయి నీళ్లకు యాంటీ క్లోరిన్ మందు సీసా మీద రాసిన మోతాదులో వేయండి. లేదా వెడల్పాటి బకెట్‌లో గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ పెట్టి 24 గంటలు ఉంచండి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ, అపార్ట్‌మెంట్ సంపులో బ్లీచింగ్ పౌడర్ వేసిన రోజు ఉంటుంది. సంపు శుభ్రం చేసిన తర్వాత రెండు మూడు రోజులు తొట్టి నీళ్లు మార్చకండి.

మూడో అడుగు: వేడి

ఇది మన ఊళ్లో చాలామంది లెక్కలోకి తీసుకోని విషయం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఏసీ లేని గదిలో తొట్టి నీళ్లు 31, 32 డిగ్రీలకు వస్తాయి. అక్వేరియం మొక్కల్లో చాలావాటికి 22 నుంచి 28 హాయి. 30 దాటితే మొక్క తయారుచేసుకునే తిండి కంటే ఖర్చుపెట్టేది ఎక్కువవుతుంది. ఆకులు పల్చబడి, గాజులా పారదర్శకమై, రాలిపోతాయి. ఎర్రటి ఆకుల రోటాలా, లుడ్విజియా మొక్కలు మన ఎండాకాలంలో తేలిగ్గా నిలబడవు. ఫొటోలు చూసి వాటి మీద డబ్బు పోయకండి.

తొట్టి మీద చిన్న ఫ్యాన్ పెడితే నీళ్లు ఆవిరై చల్లబడతాయని విని ఉంటారు. హైదరాబాద్‌లో ఆ ఉపాయం బాగా పనిచేస్తుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇక్కడ ఆవిరయ్యేదే తక్కువ. డిగ్రీ, రెండు డిగ్రీల కంటే ఆశించవద్దు. అయినా ఆ రెండు డిగ్రీలే 32ను 30 చేస్తాయి కాబట్టి పెట్టండి. తగ్గిన మేరకు ఆర్వో నీళ్లతో నింపండి. ఆవిరయ్యేది నీరే, లవణాలు అడుగునే ఉండిపోతాయి. బోరు నీళ్లే పోస్తూ పోతే నెల తిరిగేసరికి టీడీఎస్ పెరిగిపోతుంది.

ఐసు సీసాలు తేలవేయడం మంచిది కాదు. గంటలో నాలుగు డిగ్రీలు దిగి, మళ్లీ ఎక్కితే చేపలు నీరసించి తెల్లమచ్చల జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. పడమటి కిటికీ పక్క నుంచి తొట్టి జరపడం, మూత తీసి వలతో కప్పడం, లైటు మధ్యాహ్నం కాకుండా సాయంత్రం 5 నుంచి 11 దాకా వెలిగించడం ఐసు సీసాలకన్నా నయం.

వేడికి ఇంకో ముడి ఉంది. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచగలవు. 32 డిగ్రీలకు అది 7.3 దగ్గరికి పడిపోతుంది. అసలు మొక్కలు పగలు ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రి చేపల్లాగే అవీ పీల్చుకుంటాయి. అందుకే గుబురుగా మొక్కలున్న తొట్టిలో మే నెలలో తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. లైటు ఆరినప్పటి నుంచి తెల్లారేదాకా ఎయిర్ పంప్ నడిపితే చాలు.

ఇక తేల్చుకోండి

గోల్డ్‌ఫిష్, ఉప్పు బోరు, ఏసీ లేని పడమటి గది. ఈ మూడింట్లో రెండు మీకు వర్తిస్తే ప్లాస్టిక్ వైపు వెళ్లండి, మొహమాటం అక్కర్లేదు. ఒకటే వర్తిస్తే కలిపి పెట్టండి. ఒక్కటీ వర్తించకపోతే అసలు మొక్కలు పెట్టకపోవడం మీకే నష్టం. అవి చేపల వ్యర్థం నుంచి వచ్చే అమ్మోనియాను, నైట్రేట్‌ను నేరుగా తిండిగా తీసుకుంటాయి. ఆ పని ప్లాస్టిక్ ఎప్పటికీ చేయదు.

చేపలకు తరచూ జబ్బు చేసి ఉప్పుతో, మందులతో వైద్యం చేసే అలవాటుంటే అది కూడా లెక్కలోకి తీసుకోండి. ఉప్పు ఎక్కువైతే చాలా మొక్కలు తట్టుకోలేవు. రాగి కలిసిన మందులు చాలా మొక్కలకు విషం. అసలు మొక్కలుంటే వైద్యానికి విడిగా ఇరవై లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, చిన్న స్పాంజ్ ఫిల్టర్ ఉంచుకోవాలి.

ప్లాస్టిక్ మొక్కలు కొనేటప్పుడు

ముందు ఆకు అంచును వేలితో నిమిరి చూడండి. అచ్చులోంచి తీసినప్పుడు మిగిలిన ముళ్లలాంటి కొసలు తగులుతాయి. తర్వాత అసలు పరీక్ష ఇంట్లో చేయండి. సన్నటి నైలాన్ సాక్సు గానీ పాత షిఫాన్ చున్నీ గానీ చేతికి చుట్టుకుని, మొక్కను మొదలు నుంచి కొస దాకా, మళ్లీ కొస నుంచి మొదలు దాకా నిమరండి. ఎక్కడ దారం పట్టుకుని లాగుతుందో అక్కడే బెట్టా తోక చీలుతుంది, గప్పీ రెక్క చిరుగుతుంది. ఒకటి రెండు చోట్ల పట్టుకుంటే గోళ్లు రాసుకునే ఆకురాయితో నున్నగా చేయవచ్చు. ప్రతి ఆకుకూ పట్టుకుంటే ఆ మొక్కను తొట్టిలో పెట్టవద్దు.

రంగు పరీక్ష తప్పనిసరి. ముదురు ఎరుపు, ఊదా, మెరిసే నారింజ రంగు మొక్కల్ని చెయ్యి పెట్టగలిగేంత వేడి నీళ్లలో గంటసేపు నానబెట్టి, తెల్లగుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డకు రంగంటితే వెనక్కి ఇచ్చేయండి. అంటకపోతే రెండు రోజులు మామూలు నీళ్ల బకెట్‌లో ఉంచి, వాసన చూడండి. ఘాటైన రసాయన వాసన ఇంకా వస్తుంటే అది కూడా వద్దు.

కాడ వంచితే వంచినట్టే నిలబడితే లోపల ఇనుప తీగ ఉన్నట్టు. కొస దగ్గర ప్లాస్టిక్ చీలితే తీగ తుప్పు పడుతుంది. అడుగున బరువు కోసం సిమెంటు దిమ్మ ఉంటే దానిలోంచి సున్నం కరిగి పీహెచ్ పెరుగుతుంది. పింగాణీ దిమ్మ ఉన్నవి తీసుకోండి.

అమర్చేటప్పుడు పొడవువి వెనక, పొట్టివి ముందు పెట్టండి. ఫిల్టర్ నోటికి నాలుగంగుళాల దూరం ఉంచండి. ఒక్కో మొక్క దిమ్మను రాళ్లలో రెండంగుళాలు దింపాలి. గుబుర్లు మరీ దగ్గరగా పెడితే వాటి మొదట్లో మేత, మలం పేరుకుని కుళ్లుతాయి, అడుగు చెత్తను నీళ్లతో లాగే సైఫన్ గొట్టం లోపలికి పోదు. రెండు గుబుర్ల మధ్య సైఫన్ పట్టేంత సందు వదలండి.

ప్లాస్టిక్ మొక్కల తొట్టిలో నైట్రేట్‌ను తినేది ఏదీ లేదు కాబట్టి ఆ పని నాచు చేసుకుంటుంది. అందుకే అక్కడ లైటు రోజుకు నాలుగైదు గంటలు మించనివ్వకండి. వారానికి పాతిక నుంచి ముప్పై శాతం నీళ్లు మార్చండి. ఆకుల మీద నాచు పడితే సగం మొక్కలే తీసి, వేడి నీళ్లలో పావుగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. మిగతా సగం తర్వాతి వారం. ఎందుకంటే నీళ్లను శుద్ధి చేసే బాక్టీరియాలో కొంత ఈ ఆకుల మీద కూడా ఉంటుంది, అంతా ఒకేసారి కడిగేస్తే అమ్మోనియా పెరుగుతుంది. సబ్బు, గిన్నెలు తోమే ద్రవం వాడకండి. మొండి నల్లనాచుకు ఒక వంతు బ్లీచ్, ఇరవై వంతుల నీళ్లలో పది నిమిషాలు ముంచి, బాగా కడిగి, యాంటీ క్లోరిన్ వేసిన నీళ్లలో అరగంట ఉంచి, వాసన పోయేదాకా ఆరబెట్టాలి. గుడ్డ మొక్కలకు బ్లీచ్ పనికిరాదు, రంగు పోతుంది. బోరు నీళ్ల తెల్లపొర తెల్ల వెనిగర్‌లో గంట నానితే వదిలిపోతుంది.

అసలు మొక్కలు కొనేటప్పుడు

మొదటి జాగ్రత్త: నీటి మొక్క కాని దాన్ని నీటి మొక్కగా కొనకండి. లక్కీ బాంబూ, సింగోనియం, ఊదారంగు ఆకుల హెమిగ్రాఫిస్, గడ్డిలా ఉండే మాండో గ్రాస్ షాపు ట్యాంకుల్లో పచ్చగా మెరుస్తుంటాయి. అవి నేల మొక్కలు. మూడు నాలుగు వారాలు అలాగే ఉండి, తర్వాత మొదలు నుంచి కుళ్లుతాయి. వాటిని కొట్టిపారేయాల్సింది పేరు చూసి. గట్టిగా నిలబడితే నేల మొక్క, వాలిపోతే నీటి మొక్క అని కొందరు చెప్పే గుర్తు అన్నిటికీ పనిచేయదు. అనూబియాస్ నీటి బయట కూడా కర్రలా నిలబడుతుంది.

రెండడుగుల తొట్టికి మొదటిసారి ఇవి తీసుకోండి. వెనక వరసకు వాలిస్‌నేరియా ఆరు నుంచి ఎనిమిది మొక్కలు, మధ్యకు క్రిప్టోకొరైన్ వెండ్టై నాలుగైదు, రాయికి కట్టడానికి చిన్న అనూబియాస్ రెండు, జావా ఫెర్న్ ఒకటి. వీటితోపాటు హార్న్‌వర్ట్ కాడలు నాలుగు. హార్న్‌వర్ట్ వేగంగా పెరిగి కొత్త తొట్టిలో ఎక్కువగా ఉండే పోషకాలను లాగేస్తుంది. ఆరేడు వారాల్లో మిగతావి కుదురుకున్నాక తీసేయవచ్చు. రెండు మూడు మొక్కలతో మొదలుపెట్టి చూద్దాం అనుకోకండి. మొక్కలు తక్కువ, లైటు ఎక్కువ అయితే గెలిచేది నాచే.

చెరువుల్లోంచి హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ పీక్కురావడం చవక బేరంలా కనిపిస్తుంది. వాటితో తూనీగ పిల్లపురుగులు, జలగలు, చేపపేలు వస్తాయి. తూనీగ పురుగు గప్పీ పిల్లల్ని ఒక్కొక్కటిగా తినేస్తుంది, ఎందుకు తగ్గుతున్నాయో మీకు అర్థం కాదు.

ఇంటికి తెచ్చాక కుండీ తీసేసి, వేళ్ల చుట్టూ ఉన్న దూదిలాంటి పీచును ఓపిగ్గా పీకేయండి, కాడలకు చుట్టిన సీసపు పట్టీ తీసేయండి. పసుపు తిరిగిన, మెత్తబడ్డ ఆకులు మొదలుకంటా కత్తిరించండి. పది లీటర్ల నీళ్లలో 0.1 గ్రాము పొటాషియం పర్మాంగనేట్, అంటే చాకు మొన మీద నిలిచేన్ని ఊదా పలుకులు కలిపి, అందులో పది నిమిషాలు ఉంచండి. మాస్, హార్న్‌వర్ట్ అయితే ఐదు నిమిషాలే. నత్తలు వద్దనుకుంటే బాగా కడిగి, నాలుగు లీటర్ల నీళ్లలో ఒక పెద్ద చెంచా పటిక పొడి కలిపి రెండు మూడు గంటలు ముంచాలి. తర్వాత మంచి నీళ్లలో మూడుసార్లు కడగండి.

నాటే పద్ధతి

అడుగున రెండు మూడు మిల్లీమీటర్ల గ్రావెల్ రెండున్నర అంగుళాల మందాన పరవండి. రంగు పూసిన రాళ్లు వద్దు, రంగు ఊడుతుంది. బీచ్ ఇసుక అసలే వద్దు, అందులో ఉప్పు, గవ్వల పొడి ఉంటాయి. కొన్న గ్రావెల్ మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి. బుస్సుమని బుడగలొస్తే సున్నం ఉన్నట్టు. రాళ్ల కింద మట్టి పొర పెట్టే పద్ధతి ఒకటుంది. అది బాగానే పనిచేస్తుంది గానీ దానికోసం భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి మట్టి తేకండి. అది కాపాడుకోవాల్సిన వారసత్వ స్థలం, పైగా అది ఇసుక మట్టి, మొక్కకు సత్తువ ఇవ్వదు. మొదటి తొట్టికి గ్రావెల్, వేళ్ల దగ్గర ఎరువు బిళ్లలు చాలు.

అనూబియాస్‌కు, జావా ఫెర్న్‌కు అడ్డంగా పాకే దళసరి పచ్చటి కాడ ఉంటుంది, అల్లం కొమ్ములా. దాని పైనుంచి ఆకులు, కిందనుంచి వేళ్లు వస్తాయి. ఆ కాడను రాళ్లలో పూడ్చితే గాలాడక మెత్తబడి, గోధుమరంగుకు తిరిగి, నొక్కితే జారిపోతుంది. అప్పుడు పైన ఆకులు పచ్చగానే ఉండి ఒక్కొక్కటిగా ఊడొస్తాయి. ఎక్కువ అనూబియాస్‌లు చచ్చేది ఇలాగే. కాడను రాయి మీద ఆనించి, నూలు దారంతో రెండు మూడు చుట్లు కట్టండి. మరీ బిగించకండి, దారం కోసుకుపోతుంది. నూలు కొన్ని నెలల్లో కుళ్లిపోయేసరికి వేళ్లు రాయిని పట్టుకుంటాయి. తొందరగా కావాలంటే ఫెవిక్విక్ ఒక చుక్క రాయి మీద వేసి, మొక్క వేళ్లను అద్ది, అర నిమిషం పట్టుకోండి. నీళ్లు తగలగానే గట్టిపడుతుంది, చేపలకు హాని ఉండదు.

వాలిస్‌నేరియాను నాటేటప్పుడు వేళ్లు మాత్రమే రాళ్లలోకి పోవాలి, ఆకులు పుట్టే తెల్లటి మొదలు పైకి కనబడాలి. ముందు కాస్త లోతుగా గుచ్చి, తర్వాత మెల్లగా పైకి లాగితే సరిగ్గా కుదురుతుంది. మూడంగుళాల ఎడం ఇవ్వండి. అది రాళ్ల మీదుగా తీగలు పంపి పిల్ల మొక్కలు వేస్తుంది. క్రిప్టోకొరైన్ కూడా ఇలాగే, దాని మొదట్లో అంగుళంన్నర లోతున ఎరువు బిళ్ల ఒకటి. ఆరంగుళాలకు ఒక బిళ్ల చొప్పున, మూడు నెలలకోసారి.

లైటు, ఎరువు

6500 కెల్విన్ తెల్లటి ఎల్ఈడీ, 10 నుంచి 12 వాట్లు, ఈ మొక్కలకు సరిపోతుంది. మామూలు ఇంటి ఎల్ఈడీ బల్బునే రిఫ్లెక్టర్ పెట్టి వాడుకోవచ్చు, నీలి ఎరుపు రంగుల లైట్లు అక్కర్లేదు. మొదటి నెల రోజుకు ఆరు గంటలు, కొత్త ఆకులు మొదలయ్యాక ఎనిమిది. టైమర్ పెట్టండి, చేత్తో వేస్తే ఒకరోజు నాలుగు గంటలు, ఒకరోజు పన్నెండు అవుతుంది, నాచు పట్టేది ఆ పన్నెండు గంటల రోజునే. కరెంటు ఖర్చుకు భయపడక్కర్లేదు. 12 వాట్లు ఎనిమిది గంటలంటే నెలకు మూడు యూనిట్లలోపే.

ఈ మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అవసరం లేదు. కార్బన్ అని సీసాల్లో అమ్మే ద్రవాల్లో సాధారణంగా ఉండేది గ్లుటరాల్డిహైడ్. వాలిస్‌నేరియాను, మాస్‌ను అది కరిగించేస్తుంది. ద్రవ ఎరువు మూడో వారం నుంచి, సీసా మీద రాసినదాంట్లో సగం మోతాదుతో మొదలుపెట్టండి.

మొదటి నెలలో ఏమవుతుంది

నాటిన వారం పది రోజులకు క్రిప్టోకొరైన్ ఆకులన్నీ జావలా కరిగిపోవచ్చు. చచ్చిపోయిందని పీకి పారేసేది ఈ దశలోనే. పీకకండి. నీళ్లు మారితే, వేడి మారితే అది పాత ఆకుల్ని వదిలేస్తుంది. వేరు గట్టిగా ఉంటే మూడు నాలుగు వారాల్లో మధ్యలోంచి కొత్త చిగురు వస్తుంది. కరిగిన ఆకుల్ని మాత్రం రోజూ సైఫన్‌తో లాగేయాలి, లేకపోతే అమ్మోనియా పెరుగుతుంది. చాలా నర్సరీల్లో మొక్కల్ని నీటి బయట పెంచుతారు కాబట్టి వేరే మొక్కలు కూడా పాత ఆకులు రాల్చి నీటి ఆకులు వేసుకుంటాయి.

హార్న్‌వర్ట్ సూదుల్లాంటి ఆకులు రాల్చి ఫిల్టర్ స్పాంజ్‌ను మూసేస్తుంది. మొదటి రెండు వారాలు స్పాంజ్‌ను మూడు రోజులకోసారి తొట్టి నీళ్లలోనే పిండండి. అద్దం మీద గోధుమరంగు పొడిలా పట్టేది కొత్త తొట్టిలో మామూలే, తుడిచేస్తే చాలు, నెలన్నరలో దానంతటదే తగ్గుతుంది. జావా ఫెర్న్ ఆకు అడుగున వరసగా నల్లచుక్కలు కనబడితే అది జబ్బు కాదు, అక్కడినుంచే పిల్ల మొక్కలు పుడతాయి.

ఆ తర్వాత ఆకుల్ని చూసి మొక్కకు ఏం తక్కువైందో చెప్పవచ్చు. ముదురు ఆకుల్లో సూదితో పొడిచినట్టు చిల్లులు పడి, అంచు పసుపు తిరిగితే పొటాషియం తక్కువ. పసుపు తిరగకుండా శుభ్రంగా కొరికినట్టుంటే అది చేప పని, ముఖ్యంగా సక్కర్ చేపది. లేత ఆకు పసుపై, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము తక్కువ, బోరు నీళ్లలో ఇది తరచుగా వస్తుంది. అనూబియాస్ ఆకు అంచుకు నల్లటి గడ్డం లాంటి నాచు పడితే లైటు గంటలు తగ్గించండి. మొక్కను బయటికి తీసి మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ఆ అంచుకే బ్రష్‌తో రాసి, రెండు నిమిషాలాగి కడిగేయండి. నాచు గులాబీరంగుకు తిరిగి రాలిపోతుంది.

కలిపి పెట్టడం, మనీ ప్లాంట్

గోల్డ్‌ఫిష్ ఉన్న ఇళ్లకు మేం ఎక్కువగా చెప్పేది ఇదే. లోపల నున్నటి ప్లాస్టిక్ మొక్కలు నాలుగు వెనక, రాళ్లకు కట్టిన అనూబియాస్ రెండు ముందు. తొట్టి వెనక అంచున మనీ ప్లాంట్ తీగలు రెండు మూడు, వేళ్లు నీళ్లలో, ఆకులన్నీ బయట. ఆకులకు కార్బన్ డయాక్సైడ్ గాలిలోంచే దొరుకుతుంది కాబట్టి అది లోపలి మొక్కల కంటే వేగంగా పెరిగి నైట్రేట్‌ను లాగేస్తుంది. తొట్టి లైటుతో దానికి పని లేదు, కిటికీ వెలుతురు చాలు. వేళ్లను చేప కొరక్కుండా చిన్న వల సంచిలో పెట్టండి. ఆకు నీళ్లలో మునిగితే కుళ్లుతుంది, మునగనివ్వకండి. ఫ్లవర్‌హార్న్ తొట్టికి కూడా ఇదే దారి.

కరెంటు పోయినప్పుడు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక విశాఖలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. తుపాన్ల ఊళ్లో తొట్టి పెట్టుకున్నప్పుడు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉండి తీరాలి. అసలు మొక్కలున్న తొట్టికి ఇది మరీ ముఖ్యం, లైటు లేని మొక్క రాత్రీ పగలూ ఆక్సిజన్ తీసుకుంటూనే ఉంటుంది. తుపాను హెచ్చరిక వచ్చిన రోజునే మూడో వంతు నీళ్లు మార్చి, హార్న్‌వర్ట్‌ను సగానికి సగం తీసేయండి, మేత ఆపేయండి. పెద్ద చేపలు నాలుగైదు రోజులు తిండి లేకుండా ఉండగలవు. పంపు లేకపోతే చెంబుతో నీళ్లు తీసి అడుగు ఎత్తునుంచి మళ్లీ అదే తొట్టిలో పోస్తూ ఉండండి, గంటకు పదిహేను ఇరవై చెంబులు. ఫిల్టర్ చాలా గంటలు ఆగిపోతే లోపలి నీళ్లు కుళ్లుతాయి. కరెంటు రాగానే ఆన్ చేయకుండా, ముందు విప్పి తొట్టి నీళ్లతో కడిగి, అప్పుడు నడపండి.

మొక్కలు కుదురుకున్నాక రెండు మూడు వారాలకోసారి కత్తిరించాల్సి వస్తుంది. కత్తిరించిన హార్న్‌వర్ట్, వాలిస్‌నేరియా ముక్కల్ని గెడ్డలోనో, ముడసర్లోవ లాంటి జలాశయంలోనో పారేయకండి, అక్కడ పాతుకుపోతే తీయడం ఎవరివల్లా కాదు. మేడ మీద రెండు రోజులు ఎండబెట్టి పూలకుండీల్లో వేయండి. మార్చిన తొట్టి నీళ్లు కూడా, ఉప్పు వేయని రోజైతే, ఆ కుండీలకే పోయవచ్చు.